పిలిస్తే పలికే చీటీలు

సింగరాయకొండ నుంచి కారులో ఒంగోలు బయల్దేరితే కాసేపట్లో టంగుటూరు టోల్‌గేటు వస్తుంది. ఒకప్పుడు అక్కడ బండి ఆపి, అద్దం దించి, చిల్లర వెతుక్కుని, రసీదు పుచ్చుకుని కదిలేవాళ్లం. ఇప్పుడు బండి నెమ్మదిగా వెళ్లి నిలబడితే చాలు. పైనున్న పెట్టె చూస్తుంది, బీప్‌మంటుంది, అడ్డుకర్ర లేస్తుంది. ఇదంతా చేసేది ముందు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ చీటీ.

మొన్న మా బంధువుల కారుకి అద్దం మారుస్తుంటే ఊడదీసిన పాత ఫాస్టాగ్ ఒకటి నా చేతికొచ్చింది. వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను. పొరల మధ్య పలచటి వెండిరంగు గీత ఒకటి, మెలికల ముగ్గు వేసినట్టు వంకర్లు తిరుగుతూ రెండువైపులా పాకి ఉంది. నడిమధ్యన నువ్వుగింజలో పావువంతు కూడా లేని నల్లచుక్క. ఆ గీత యాంటెన్నా, ఆ చుక్క చిప్పు. బ్యాటరీ ఎక్కడా లేదు. టోల్‌గేటు పెట్టెలోంచి వచ్చే రేడియో తరంగాల్లోనే కాస్త శక్తిని ఆ గీత పట్టి చిప్పుకి అందిస్తుంది. వాట్‌లో లక్షో వంతు అందినా చాలు, చిప్పు మేలుకుని తన నంబరు చెబుతుంది. చెప్పడానికి కూడా సొంతంగా తరంగాలేవీ పుట్టించదు. పిల్లలు అద్దం ముక్కతో ఎండను గోడమీద ఆడించినట్టు, తన మీద పడ్డ తరంగాన్నే తిప్పికొడుతూ, ఆపుతూ, సంకేతం పంపుతుంది.

మెలికల సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో ఈ చీటీలు 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. యాంటెన్నా బాగా పట్టాలంటే అందులో సగం పొడవు ఉండాలి. అంత పొడుగు చీటీ అద్దానికి బాగుండదు కాబట్టి గీతను మడతలు పెట్టి అరచేతిలో పట్టేలా చేశారు.

ఈ విద్యకు ఇంజనీర్లు పెట్టిన పేరు ఆర్‌ఎఫ్‌ఐడీ. ఇలాంటి చీటీని కుర్చీకో, కంప్యూటరుకో, ఆసుపత్రి మంచానికో అంటిస్తే ఆ సంస్థ సామానంతా పిలిస్తే పలుకుతుంది. ఈ పలుకుల వెనకున్న వింతల్నీ విశేషాల్నీ, ఒంగోలు జాతి పశువు దగ్గర్నుంచి అంతరిక్ష కేంద్రం దాకా, ఇక్కడ పోగుచేశాను.

అన్నిటికంటే పాతవి: జీడిమరక, పేరుగిన్నె, వాత

వస్తువుకి గుర్తు పెట్టడం మనకి కొత్తేమీ కాదు. ఊరి బట్టలన్నీ ఒకే రేవులో ఉతికిన రోజుల్లో ఏ చీర ఏ ఇంటిదో చాకలికి ఎలా తెలిసేది? అంచు మడతలో నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తు చూసి. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఇంకో ఇంటికి అడ్డగీత. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మరక పోదు. ఆ గింజకి ఇంగ్లీషువాళ్లు గుర్తులగింజ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది కూడా అందుకే.

పెళ్లికి ఇచ్చే స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించడం, షామియానా సప్లయర్లు గుండిగలకీ గంగాళాలకీ రంగుపట్టీ వేయడం, చీమకుర్తి క్వారీలో గ్రానైటు దిమ్మె మీద రంగుతో నంబరు రాయడం, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీల మీద మార్కా కొట్టడం, పశువుకి వాత పెట్టడం, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన పనులు. వీటన్నిటికీ ఒక్కటే ఇబ్బంది. మనిషి దగ్గరికెళ్లి కంటితో చూడాలి. గుర్తు వెనక్కి తిరిగి ఉంటే వస్తువును తిప్పాలి, అడుగున ఉంటే పైవన్నీ దించాలి. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టుతో దుకాణాల్లో మొదలైన బార్‌కోడుదీ ఇదే పరిమితి. కిరణం నేరుగా పడాలి, ఒక్కొక్కటిగా చూపించాలి. రేడియో చీటీ ఈ రెండు కట్లూ తెంచింది. అట్టపెట్టె మూత తీయకుండానే లోపల ఉన్నవి పలుకుతాయి.

అన్నిటికంటే రహస్యమైన తాత

1945 ఆగస్టులో మాస్కోలోని అమెరికా రాయబారి ఏవరెల్ హారిమన్‌కి సోవియట్ బాలబాలికలు ఒక కానుక ఇచ్చారు. కొయ్యమీద చెక్కిన అమెరికా రాజముద్ర అది. ముచ్చటపడి ఇంట్లో గోడకి తగిలించుకున్నారు. ఏడేళ్లు అక్కడే వేలాడింది. 1952లో తెలిసింది, దాని కడుపులో చెవి ఉందని.

అందులో బ్యాటరీ లేదు, తీగ లేదు. ఒక చిన్న లోహపు డొల్ల, దాని ముందు పలచటి పొర, ఒక కడ్డీ యాంటెన్నా. బయటినుంచి రేడియో తరంగం పంపినప్పుడు మాత్రమే అది మేలుకునేది. గదిలో మాటలకి పొర కదిలేది, తిరిగివెళ్లే తరంగం దానికి తగ్గట్టు మారేది. తరంగం ఆపేస్తే అది మామూలు కొయ్యబొమ్మ. తయారుచేసింది లియోన్ థెరమిన్. చేత్తో తాకకుండా గాలిలో చేతులు కదిపి వాయించే థెరమిన్ వాద్యాన్ని సృష్టించిందీ ఆయనే. పరాయి తరంగంతో మేలుకుని, దాన్నే తిప్పికొట్టి కబురు చెప్పడం అనే సూత్రం నేటి ఫాస్టాగ్‌లో ఉన్నదే. గూఢచారికి పనికొచ్చిన విద్య చివరికి టోల్‌గేటుకీ గోడౌనుకీ పనికొచ్చింది.

మూడు తేదీల పుట్టుక

ఈ విద్య పుట్టుకకు మూడు తేదీలు చెబుతారు. తిరిగొచ్చే తరంగంతో సంభాషించడం ఎలాగో హ్యారీ స్టాక్‌మన్ 1948లో వ్యాసం రాశారు. తిరిగి రాసుకోగల జ్ఞాపకశక్తి ఉన్న చీటీకి 1973 జనవరి 23న మారియో కార్డుల్లో పేటెంటు పొందారు. దాంతో టోల్ వసూలు చేయొచ్చని ఆయన ముందే చెప్పారు. అదే ఏడాది తాళంచెవి లేకుండా తలుపు తెరిచే కార్డుకి చార్లెస్ వాల్టన్ పేటెంటు తీసుకున్నారు. ఆర్‌ఎఫ్‌ఐడీ అన్న పొట్టిపేరు మొదట కనిపించింది కూడా 1983 నాటి ఆయన పేటెంటులోనే.

టోల్ ఆలోచన నిజమైంది నార్వేలో, 1987లో. మన దేశంలో నందన్ నీలేకని నాయకత్వంలోని కమిటీ 2010లో ఈ రకం చీటీని సిఫారసు చేసింది. 2014లో అహ్మదాబాద్–ముంబయి దారిలో ప్రయోగం మొదలైంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారులన్నిటి మీదా తప్పనిసరి అయింది. అలా మన ఊరి పక్క హైవే మీద పోయే లారీలూ కార్లూ ఈ పెద్ద లెక్కలో చేరాయి.

అతి చిన్నది: పొడిలో కలిసిపోయేంత

జపాన్‌కు చెందిన హిటాచీ సంస్థ 2007లో చూపించిన చిప్పు కొలత ఇది: పొడవు 0.05 మిల్లీమీటరు, వెడల్పు 0.05 మిల్లీమీటరు. మన తలవెంట్రుక మందం కూడా దాదాపు అంతే. చిటికెడు తీసి అద్దం మీద చల్లితే దుమ్మేమో అనుకుంటాం. ఆ దుమ్ము రేణువు ఒక్కొక్కటీ 38 అంకెల నంబరు మోస్తుంది. పలకాలంటే బయట యాంటెన్నా తగిలించాలి, అది వేరే మాట.

చిన్నవాటికి చీటీ కట్టడంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ల ఓపిక చెప్పుకోదగ్గది. 2009లో వాళ్లు బతికున్న చీమల వీపులకి రేడియో చీటీలు అంటించారు. కొత్త గూడు వెతుక్కునేటప్పుడు ఏ చీమ ఎన్నిసార్లు ఎక్కడికి వెళ్లొచ్చిందో లెక్క తీశారు. పుట్టలో ఎవరు ఎంత పని చేస్తున్నారో చీమే పలికి చెప్పిన సందర్భం అది.

అతి ఎక్కువ: ఏడాదికి 4,480 కోట్లు

టోల్‌గేట్లలోనూ దుకాణాల్లోనూ వాడే రకం చీటీల చిప్పులు 2023 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతటా 4,480 కోట్లు అమ్ముడయ్యాయని ఆ పరిశ్రమ సంఘమైన రెయిన్ అలయన్స్ లెక్క. భూమ్మీద ఉన్న మనుషులకి పంచితే తలా ఐదు పైనే వస్తాయి. ఎక్కువ భాగం బట్టల దుకాణాల్లోకే వెళ్తాయి.

ఈ ప్రవాహానికి గేట్లెత్తిన తేదీ 2003 జూన్. అమెరికాలోని వాల్‌మార్ట్ తనకి సరుకిచ్చే పెద్ద సంస్థల్లో 100 సంస్థల్ని 2005 జనవరికల్లా పెట్టెలకి రేడియో చీటీలు అంటించమంది. అంతకుముందే, 1999లో, ఎమ్‌ఐటీలో కెవిన్ ఆష్టన్, డేవిడ్ బ్రాక్, కాన్పూరు ఐఐటీలో చదివిన మన సంజయ్ శర్మ కలిసి ఒక పరిశోధన కేంద్రం పెట్టి దారి చూపించారు. చిప్పులో కథంతా రాస్తే ఖరీదు పెరుగుతుంది, అందుకని నంబరొక్కటే ఉంచి మిగతా వివరాలు కంప్యూటరులో పెట్టమన్నారు. చీటీ చవకైంది ఆ ఆలోచనతోనే.

ఆ నంబరు 96 బిట్లది. ఇలాంటి నంబర్లు ఎన్ని ఇవ్వొచ్చు అంటే, 29 అంకెల సంఖ్యలో. కుర్చీకి ఒకటి, బల్లకి ఒకటి చొప్పున ఎన్ని తరాలు పంచినా తరిగే గోదాము కాదు అది.

అతి వేగం: సెకనుకి వందల హాజరు

అరవైమంది పిల్లలున్న తరగతిలో మేష్టారు పేర్లు పిలవకుండా, వచ్చినవాళ్లంతా ఒకేసారి పలకండి అంటే ఏమవుతుంది? గోల తప్ప ఏమీ వినపడదు. గదినిండా ఉన్న చీటీలదీ అదే సమస్య. దీనికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. రీడర్ ముందుగా, ఇన్ని గడులున్నాయి, తలా ఒకటి ఎంచుకోండి అంటుంది. ప్రతి చీటీ తోచిన గడి ఎంచుకుని ఆ వంతు వచ్చినప్పుడే పలుకుతుంది. ఒకే గడిలో ఇద్దరు పడితే తర్వాతి విడతలో మళ్లీ ప్రయత్నిస్తారు. ఒకసారి హాజరు పడ్డ చీటీ కాసేపు మౌనంగా ఉంటుంది, మిగతావాళ్లకి దారిస్తుంది. ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందంటే, సెకనుకి వందల చీటీలు హాజరు చెప్పేస్తాయి.

ఈ వంతుల పద్ధతికి మూలం హవాయి విశ్వవిద్యాలయంలో ఉంది. దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలపడానికి నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో నడిపిన వ్యవస్థ పేరు అలోహా. ఆ దీవుల్లో అలోహా అంటే పలకరింపు. చీటీల పలకరింపుకి అంతకన్నా తగిన పేరు లేదు.

అతి ఖరీదైన పాఠం: మూత తీసిన 25 వేల కంటెయినర్లు

1991 గల్ఫ్ యుద్ధానికి అమెరికా సైన్యం ఎడారికి సుమారు 40 వేల కంటెయినర్లు పంపింది. రేవులో దిగాక వాటిల్లో 25 వేలకి పైగా మూత తీసి చూడాల్సి వచ్చింది, లోపల ఏముందో తెలియక. పంపిన సామాను వచ్చిందో లేదో తెలియక మళ్లీ అదే పంపమని అడిగినవాళ్లు చాలామంది. ఆ గుట్టలకి సైనికులు పెట్టుకున్న పేరు ఇనుపకొండలు.

ఆ దెబ్బతో సైన్యం కంటెయినర్లకి బ్యాటరీ ఉన్న రేడియో చీటీలు కట్టింది. రేవుల్లోనూ డిపోల్లోనూ రీడర్లు పెట్టింది. అది పదుల దేశాలకి పాకి, ఆ రకం జాలాల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరు పొందింది. సామాను కొనడానికి డబ్బుంటే చాలదు, కొన్నది ఎక్కడుందో తెలియకపోతే లేనట్టే లెక్క అన్న పాఠాన్ని ఇంత పెద్ద అక్షరాలతో రాసిన సంఘటన ఇంకొకటి లేదు.

అతి పెద్ద మంద: దేశం దేశమంతా చెవిపోగులే

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో జనం సుమారు 35 లక్షలు. పశువులు కోటికి పైనే. ఆ దేశం 2006 నుంచి పుట్టే ప్రతి దూడ చెవికీ ఎలక్ట్రానిక్ పోగు తప్పనిసరి చేసింది. దూడ ఎక్కడ పుట్టింది, ఏ సంతకి వెళ్లింది, ఏ దొడ్లో పెరిగింది అంతా లెక్కకెక్కుతుంది. ఆస్ట్రేలియా అంతకు ఏడాది ముందే, 2005 జూలైలో, దేశమంతటా ఇలాంటి పద్ధతి తెచ్చింది.

ఇక్కడ మన ఒంగోలువాళ్ల గుండె పొంగే విషయం ఒకటుంది. బ్రెజిల్ మందల్లో అత్యధిక భాగం నెలోర్ జాతివి. నెలోర్ అంటే మన నెల్లూరే. 19వ శతాబ్దంలోనూ మళ్లీ 1960లలోనూ ఇక్కడి తీరం నుంచి ఓడలెక్కిన ఒంగోలు పశువుల సంతతి అవి. ఆ సంతతిలోని వియాటినా-19 అనే ఆవు బరువు 1,101 కిలోలు. 2023 వేలంలో పలికిన ధర లెక్కన దాని విలువ 43 లక్షల డాలర్లకు పైనే. వేలంలో అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఇరవై కోట్లకు పైబడ్డ తన మందల్లో ప్రతి పశువుకీ విడి నంబరు ఇచ్చే పనిని 2032కల్లా పూర్తిచేస్తామని బ్రెజిల్ 2024 డిసెంబరులో ప్రకటించింది. ఆ పెద్దపట్టీలో సింహభాగం పేర్లకి ఇంటిపేరు మనదే.

మన పశువుల చెవులకీ పసుపు పోగులున్నాయి, 12 అంకెల నంబరుతో. వాటిల్లో రేడియో లేదు, నంబరు కంటితో చదవాలి. రేడియో పోగులు 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. పశువు ఒళ్లంతా నీరే కదా, ఆ నీటిని దాటి వెళ్లడానికి ఇంత తక్కువ పౌనఃపున్యం కావాలి. అందుకే రీడరు కర్రను చెవి దగ్గరగా పట్టాలి. పది మీటర్ల నుంచి పలికే ఫాస్టాగ్ ధోరణి దానికి లేదు.

పత్తిచేలో నాలుగు చీటీలు

పత్తి పండించే మనకి ఇది ఆసక్తి కలిగించే ముచ్చట. అమెరికాలో పత్తి తీసే పెద్ద యంత్రాలు చేలోనే పత్తిని గుండ్రటి దిండులా చుట్టి, ప్లాస్టిక్ పొర కప్పి వదులుతాయి. ఆ పొరలోనే నాలుగు రేడియో చీటీలు ఉంటాయి. నాలుగింటిదీ ఒకే దిండు నంబరు. దిండు ఎటు దొర్లినా ఏదో ఒకటి పలకాలని నాలుగు పెట్టారు. ఏ చేను, ఏ రోజు, ఏ చోట తీసిన పత్తో జిన్నింగు మిల్లు దాకా వెంటవస్తుంది.

మన పర్చూరు, చిలకలూరిపేట వైపు పత్తి తీసేది ఆడకూలీల వేళ్లే. మన భారత పత్తి సంస్థ బేళ్లకి క్యూఆర్ కోడు అంటించడం మొదలుపెట్టింది. చేను దాకా వెళ్లే గుర్తు ఇంకా రావాలి. వస్తే, మంచి పత్తి పండించిన రైతుకి ఆ మంచి పేరు మిల్లు దాకా చేరుతుంది.

పట్టాల మీద పలికే రాళ్లు: తెలుగునేల కవచం

మా సింగరాయకొండ స్టేషన్లో నిలబడితే గూడూరు–విజయవాడ మధ్య తిరిగే గూడ్సు బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒక్కో బండికి యాభైకి పైగా వ్యాగన్లు. ఏ వ్యాగను ఎక్కడుందో తెలియడం రైల్వేకి అన్నిటికన్నా పెద్ద స్టాకు లెక్క. అమెరికా రైల్వేలు 1990ల మొదట్లోనే పది లక్షలకు పైగా వ్యాగన్లకి, రెండు పక్కలా ఒక్కోటి చొప్పున, చీటీలు తగిలించేశాయి. మన రైల్వే 2021 నాటికి సుమారు 23 వేల వ్యాగన్లకి పెట్టింది. గురి మూడున్నర లక్షలు.

మరి రైలు ఎక్కడుందో రైలుకే చెప్పే చీటీ? అదే కవచ్. రైలు పట్టాల మధ్య, దాదాపు కిలోమీటరుకొకటి చొప్పునా సిగ్నళ్ల దగ్గరా స్లీపర్ల మీద రేడియో చీటీలు బిగిస్తారు. ఇంజను అడుగున రీడరుంటుంది. చీటీ మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఇంజనుకి తాను ఏ పట్టా మీద ఎక్కడున్నదో తెలుస్తుంది. ఎదురుగా అదే పట్టా మీద ఇంకో బండి ఉంటే, డ్రైవరు బ్రేకు వేయకపోయినా అదే వేస్తుంది. టోల్‌గేటు దగ్గర రీడరు కదలదు, బండి కదులుతుంది. ఇక్కడ చీటీ రాయిలా కదలదు, రీడరే నూట అరవై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తొచ్చు.

దీని ప్రయోగాలు జరిగింది దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలో. ప్రయాణికుల బండ్ల మీద 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. తయారీకి ముందుకొచ్చిన తొలి మూడు కంపెనీలు, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మూడూ హైదరాబాదువే. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒక ఇంజనులో ఎక్కి ఎదురుగా ఉన్న ఇంజను వైపు బయల్దేరారు. ఇంకా 380 మీటర్ల దూరం ఉండగానే బండి తనంతట తాను ఆగిపోయింది. వస్తువు ఎక్కడుందో తెలియడం ప్రాణాలు నిలబెట్టే విద్య కాగలదని తెలుగునేల మీద రుజువైన రోజు అది.

నెలరోజుల మూసివేత

రోములోని వాటికన్ గ్రంథాలయం 1475 నాటిది. పుస్తకాలు, రాతప్రతులు కలిపి పదిహేను లక్షలు దాటే నిధి. ఏటా పుస్తకాల లెక్కకే నెలరోజులు తలుపులు మూసేవారు. రేడియో చీటీల పని ఈ శతాబ్దం మొదట్లో అందుకున్నారు. మరమ్మతుల తర్వాత 2010లో మళ్లీ తెరిచేనాటికి చదువుగదుల్లోని సుమారు 70 వేల పుస్తకాలకి చీటీలు పడ్డాయి. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క అనేది గ్రంథాలయాల్లో పాతమాట. రీడరు పట్టుకుని అరల పక్కన నడిస్తే తప్పిపోయిన పుస్తకం తానే పలుకుతుంది.

మా రైల్వే లైన్లోనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టింది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అక్కడి పాత పత్రికల కట్టల మధ్య కూర్చున్నవారికి తెలుస్తుంది, ఒక్క సంచిక చోటు మారినా ఎంత నష్టమో. ఇలాంటి పల్లె గ్రంథాలయాల దాకా ఈ చీటీలు రావాలని నేను మనసారా కోరుకుంటాను.

అతి ఎత్తయిన స్టాకు గది

భూమికి 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వేలకొద్దీ వస్తువులు. అక్కడ జారిన స్పానరు కిందపడదు, తేలుతూ ఏ మూలకో పోతుంది. బీరువాలు గోడలకే కాదు, కప్పుకీ నేలకీ కూడా ఉంటాయి. వస్తువు వెతకడానికి పోయే ప్రతి నిమిషం వ్యోమగామి సమయమే. అందుకని నాసా 2017లో అక్కడ రేడియో చీటీల వ్యవస్థ మొదలుపెట్టి మూడు గదుల్లో 24 యాంటెన్నాలు అమర్చింది. బంబుల్, హనీ, క్వీన్ అనే పేర్లున్న తేలే రోబోల్లో ఒకదాని వీపున రీడరు పెట్టి వస్తువులు వెతికించే ప్రయోగమూ చేసింది. హైదరాబాదులో పెరిగిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా 177 రోజుల యాత్రలో ఉన్నది ఈ కేంద్రంలోనే.

గుప్పెడు చిరు విశేషాలు

* ఒంట్లో రేడియో చీటీ పెట్టించుకున్న తొలి మనిషిగా ఇంగ్లండు ఆచార్యుడు కెవిన్ వార్విక్‌ని చెబుతారు. తేదీ 1998 ఆగస్టు 24. ఆయన నడిచి వస్తుంటే తలుపులు తెరుచుకునేవి, దీపాలు వెలిగేవి.
* చిప్పున్న పాస్‌పోర్టు తొలిసారి ఇచ్చిన దేశం మలేసియా, 1998లో.
* 2006 ప్రపంచకప్ ఫుట్‌బాల్ టికెట్లలో రేడియో చిప్పులున్నాయి. లక్షల్లో అమ్మిన టికెట్లలో దొంగటికెట్టు పట్టుకోవడానికి.
* 2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదటి విడతగా ఒక్కసారే 30 కిలోమీటర్లు తెరుచుకుంది. అంత పొడవుతో మొదలైన మెట్రో అప్పటికి దేశంలో లేదు. అప్పుడు గేటుకి తాకించిన ప్లాస్టిక్ బిళ్లల్లో ఉన్నదీ రేడియో చిప్పే.
* 2022 నుంచి అమరనాథ్ యాత్రికుల మెడలో రేడియో కార్డు తప్పనిసరి. కొండదారిలో ఎవరు ఎక్కడిదాకా వెళ్లారో తెలియడానికి.
* 2017లో జపాన్‌లో ఐదు పెద్ద దుకాణ సంస్థలు 2025కల్లా ఏటా 10 వేల కోట్ల చీటీలు వాడతామన్నాయి. చీటీ ధర ఒక యెన్‌కి దిగాలన్నది షరతు.

ఇనుము, నీళ్లు: చీటీకి రెండు గండాలు

ఒక ఆఫీసో, కాలేజీయో తన సామానుకి చీటీలు పెట్టుకోవాలంటే తెలియాల్సిన సంగతి ఇది. మామూలు చీటీ ఇనపబీరువాకి నేరుగా అంటిస్తే మూగబోతుంది. లోహం తరంగాన్ని తిప్పికొట్టి యాంటెన్నా శ్రుతి చెడగొడుతుంది. దానికోసం కింద మందపాటి దిమ్మ ఉన్న ప్రత్యేక చీటీలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. నీళ్లు తరంగాన్ని మింగేస్తాయి, కాబట్టి ద్రవాలున్న డబ్బాలకి ఎక్కడ అంటించాలో చూసుకోవాలి. కొయ్య, ప్లాస్టిక్, కాగితం అడ్డురావు.

పని చేయించే పద్ధతి కూడా ముఖ్యం. మొదట పాత రిజిస్టరు సరిచూసుకుని, ఉన్న వస్తువుకే చీటీ అంటించాలి. రిజిస్టరులో తప్పుంటే చీటీ ఆ తప్పునే మోస్తుంది. తర్వాత చేతి రీడరు పట్టుకుని గది గదికీ నడవడమే. తెరమీద మూడు పట్టీలు వస్తాయి: ఉండాల్సినవి ఉన్నాయి, ఉండాల్సినవి లేవు, ఇక్కడివి కానివి ఉన్నాయి. నాకు మూడో పట్టీ మీదే ప్రేమ. ఎందుకో చెబుతాను.

ఒక మైక్రోస్కోపు కథ

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిలో ఒక అటెండరుండేవాడు. ముప్ఫై ఏళ్లు ఆ ల్యాబు తాళాలు ఆయన మొలతాడుకే వేలాడాయి. రిటైరయ్యే నెలలో స్టాకు వెరిఫికేషన్ జరిగింది. రిజిస్టరులో మైక్రోస్కోపులు ఆరు, బీరువాలో ఐదు. నో డ్యూస్ సర్టిఫికెట్ ఆగిపోయింది. ఆయన దొంగ కాదని అందరికీ తెలుసు. ఆ మాట రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

మూడు రోజులు ఆయన స్టోరురూమంతా కడిగినట్టు వెతికాడు. విరిగిన బల్లలు, పాత మ్యాపులు, పగిలిన గ్లోబు అన్నీ బయటపెట్టాడు. ఇంటికెళ్లి భోజనం చేస్తున్నాడో లేదో కూడా మాకు తెలియదు. నాలుగోరోజు ఒక పాత మేష్టారికి గుర్తొచ్చింది, ఎప్పుడో సైన్స్ ఫెయిరుకి పక్కూరి బడికి సామాను తీసుకెళ్లామని. అటెండరూ నేనూ సైకిలు మీద వెళ్లాం. అక్కడి స్టోరులో గోనెపట్టాల కింద కొయ్యపెట్టె ఉంది. మూత మీద తెల్లరంగుతో మా బడి నంబరు. ఆయన పెట్టె పక్కనే కూలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి దుమ్ము తుడిచాడు, నంబరు మీద రెండుసార్లు తుడిచాడు. ఏమీ మాట్లాడలేదు.

ఆ మైక్రోస్కోపు ఏళ్లతరబడి ఆ గదిలోనే ఉంది. ఆ బడివాళ్లూ ఏటా స్టాకు చూసుకున్నారు. తమ రిజిస్టరులో లేని పెట్టెను ఎవరూ విప్పలేదు. ఇక్కడివి కానివి ఉన్నాయి అనే మూడో పట్టీ ఆనాడు ఉంటే, ఆ ముసలాయన మూడు రోజులు అలా వెతికేవాడు కాదు.

ఇన్ని విశేషాలు పోగుచేశాక నాకు మిగిలిన మాట ఒక్కటే. సంస్థల సామాను లెక్కంటే యజమాని ఆస్తి కాపాడటమని అనుకుంటాం. వస్తువు కనపడనప్పుడు మొదటి అనుమానం పడేది మాత్రం తాళాలు పట్టుకున్న చిన్న ఉద్యోగి మీద. అటెండరు, స్టోరుకీపరు, నర్సు, గోడౌను హమాలీ. వస్తువు తానున్న చోటు తానే చెప్పగలిగితే అది వాళ్ల తరఫు సాక్ష్యం. రాజముద్రలో చెవిగా పుట్టిన విద్య ఇప్పుడు వాళ్లకి నోరు కాగలదు. చీటీ అంటించే ఏ ఆఫీసైనా ముందు ఆ మేలు తలుచుకుని అంటించాలి.

చీటీ చెప్పలేనివీ ఉన్నాయి. మైక్రోస్కోపు ఉందని చెబుతుంది, కటకానికి బూజు పట్టిందని చెప్పదు. దానికి తువ్వాలున్న చేయి కావాలి. మళ్లీ టంగుటూరు దగ్గర ఆ బీప్ వినపడ్డప్పుడల్లా నాకు ఆ కొయ్యపెట్టె గుర్తొస్తుంది. గోనెపట్టాల కింద అది ఇన్నేళ్లూ అనాలని ఉండీ అనలేకపోయిన మాటలా వినపడుతుంది: నేనిక్కడే ఉన్నాను.